పనిముట్టూ, పనివాడూ, ఆటగాడూ

పోయిన దసరా సెలవుల్లో నా పాత శిష్యుడొకడు ఉయ్యాలవాడ వచ్చి నన్ను చూసిపోయాడు. ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే కుటుంబంలో పుట్టినవాడు. ఇప్పుడు హైదరాబాదులో పెద్ద ఉద్యోగం. వెళ్ళబోయే ముందు కారు డిక్కీ తెరిచి గోల్ఫు కర్రల సంచి చూపించాడు. ఆయుధపూజనాడు ఇంట్లోవాళ్ళు ఆ సంచికి కూడా పసుపూ కుంకుమా పెట్టారట. బొట్టు ఇంకా చెరగలేదు. వాడు రోజూ ఆడే కర్రలతోపాటు పాత సామాన్ల అంగడిలో ముచ్చటపడి కొన్న కర్ర కూడా ఒకటి అందులో ఉంది. దాని కాడ ఉక్కుది, తల మాత్రం చెక్కది. పక్కనున్న కొత్త కర్ర తల లోహపుది. చిన్న చెంబంత ఉంది, ఎత్తి చూస్తే బరువే లేదు.

"రెండింటితోనూ ఒకే మాదిరి కొడతా సార్. దెబ్బ అదే. కానీ కొత్తదాంతో ఇంకో ముప్పై నలభై గజాలు ఎక్కువ పోతుంది," అన్నాడు.

"ఆ ముప్పై నలభై గజాలు ఎవరివబ్బీ?" అన్నాను.

నవ్వాడు. "నావే కద సార్. కొన్నది నేనే కదా!"

వాడు వెళ్ళిపోయాడు గాని ఆ జవాబు నన్ను వదలలేదు. చూడబోతే మన కాలపు అర్థశాస్త్రమంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నది.

అభ్యుదయ సాహిత్యం చదివేవారికి గోల్ఫు ఎందుకని పాఠకులు అడగవచ్చు. అడగవలసిందే. కుందేరు పక్కన వరీ, శనగా, జొన్నా పండించుకునే ఊళ్ళో కూచుని, కలవారు పచ్చగడ్డి మీద ఆడుకునే ఆటను గురించి రాయడం వింతగానే ఉంటుంది. ఆ ఆట నేనెన్నడూ ఆడలేదు, ఇక ఆడే వయసూ కాదు. అయితే పనిముట్టు సమస్యను పరీక్షించి చూడటానికి ఆటకన్న అనువైన చోటు లేదని నా నమ్మకం. పొలంలో పనిముట్టు మారితే "ఉత్పత్తి పెరిగింది" అనే మాట ముందుకు వచ్చి తక్కిన ప్రశ్నలన్నిటినీ కప్పేస్తుంది. ఆటలో ఆ సాకు లేదు. బంతి నలభై గజాలు ఎక్కువ పోయినందువల్ల లోకంలో ఎవరికీ ఒక్క గింజ అదనంగా రాదు. కాబట్టి మనిషి చేతికి అదనంగా వచ్చిన శక్తి ఎవరిది, దానికి హద్దు పెట్టే అధికారం ఎవరిది అనే ప్రశ్నలు అక్కడ ముసుగు లేకుండా కనబడతాయి.

మేము చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడేవాళ్ళం. కర్రా మాదే, బిళ్ళా మాదే. తుమ్మకొమ్మ నరికి, రెండు కొసలా చెక్కి, ఎండలో పెట్టి ఆరనిచ్చి, మా చేతులతో మేమే చేసుకునేవాళ్ళం. ఆ రోజులను గురించి తియ్యగా రాయవచ్చు. మన పత్రికల్లో చాలామంది రాశారు కూడా. నిజం అంత తియ్యగా ఉండదు. వడ్లాయన కొడుకు కర్ర మా కర్రలకన్న ఎప్పుడూ బాగుండేది. పెద్దరెడ్ల పిల్లలు కొట్టడమే గాని బిళ్ళ ఏరుకురావడం ఏనాడూ లేదు. మాలపల్లె పిల్లలను ఆటలోకి రానిచ్చేవారే కారు. కర్ర ఎవడు చేసుకున్నదీ ఒక ప్రశ్న అయితే, బరిలోకి ఎవడు రావచ్చుననేది అంతకు ముందటి ప్రశ్న. ఇది జ్ఞాపకముంచుకుంటే, పాత పనిముట్లన్నీ ధర్మమైనవి, కొత్తవన్నీ అధర్మమైనవి అనే భ్రమ నుంచి మొదటే బయటపడతాం.

ఇక గోల్ఫు సంగతి. స్కాట్లండులో వందల ఏళ్ళుగా ఉన్న ఆట. పందొమ్మిదో శతాబ్దపు మధ్యదాకా అక్కడ మేలురకపు బంతిని ఈకలతో చేసేవారు. తోలు ముక్కలను సంచిలా కుట్టి తడిపి, ఉడకబెట్టిన బాతు ఈకలను టోపీ నిండా తీసుకుని, ఒక చిన్న రంధ్రంలోనుంచి ఇనుప చువ్వతో కూరేవారు. చువ్వ పిడిని రొమ్ముకు ఆనించి మనిషి బరువంతా దాని మీద వెయ్యాలి. ఆరిన తరవాత తోలు ముడుచుకుంటుంది, ఈకలు ఉబ్బుతాయి; ఆ రెండు శక్తుల పెనుగులాటలోంచి గట్టి బంతి తయారవుతుంది. మంచి పనివాడు రోజుకు మూడో నాలుగో చేసేవాడు. ఈకల ధూళి ఊపిరితిత్తులకు పట్టి రోగాలు తెచ్చుకునేవాడు. కర్రకన్న బంతి ఖరీదు ఎక్కువ. వానలో తడిస్తే కుట్లు ఊడిపోయేది.

ఆ బంతిని చంపినది మలయా అడవుల్లోని ఒక చెట్టు జిగురు. పేరు గట్టాపెర్చా. వేడినీళ్ళలో వేస్తే మైనంలా మెత్తబడి, చల్లారితే గట్టిపడుతుంది. మలయా జనం దానితో కత్తులకు పిడులు చేసుకునేవారు. సింగపూరులో ఉన్న కుంపిణీ వైద్యుడు మాంట్‌గోమరీ దాన్ని చూసి, 1843 ప్రాంతాల్లో నమూనాలు లండనుకు పంపాడు. 1848 నాటికి దానితో చేసిన బంతులు స్కాట్లండు మైదానాల్లోకి వచ్చాయి. మొట్టమొదటి బంతి, ప్రాచ్యదేశాల నుంచి వచ్చిన ఒక విష్ణు విగ్రహం చుట్టూ సర్దిన జిగురు ముక్కలతో తయారయిందని అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. నిజమేమో తెలియని కథే గాని, మా ఆళ్ళగడ్డ శిల్పులు విగ్రహాలను వరిగడ్డిలో సర్ది లారీల కెక్కించడం చూసినవాణ్ణి కనక నాకది మరపు రాదు. విగ్రహానికి మొక్కేవాడు ఒకడైతే, దాని కింది గడ్డి విలువ కనిపెట్టేవాడు మరొకడు.

ఆ సంవత్సరాలు మా ఊరివాళ్ళకు మరొక విధంగా తెలుసు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో ఈ కుంపిణీ మీదనే తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో వేలమంది చూస్తుండగా ఆయనను ఉరితీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి, 1877 దాకా, అంటే ముప్పై ఏళ్ళు, దించలేదు. ఆ ఉరికీ ఈ బంతికీ సంబంధం అంటగట్టాలని నా ఉద్దేశం కాదు. కాని ఒకే కుంపిణీ, ఒకే దశాబ్దంలో, ఒక చోట పాలెగాడి తలనూ మరొక చోట చెట్టు జిగురునూ తన లెక్కల్లోకి ఎక్కించుకుంటున్నదన్న విషయం చరిత్ర చదువుకునే విద్యార్థి గమనించదగ్గది. ఆ జిగురు చాలావరకు బంతులకు పోలేదు. సముద్రగర్భంలో వేసిన తంతి తీగలకు నీరు తగలకుండా కప్పడానికి పోయింది. 1870 నాటికి ఆ తీగ బొంబాయిని బ్రిటనుతో కలిపింది. చెట్టును కూల్చి గాని జిగురు తియ్యడం ఎరగరు; కూల్చినా ఒక చెట్టుకు వచ్చేది కొద్దిపాటి జిగురే. కొన్ని దశాబ్దాలలోనే సింగపూరు దీవిలో ఆ చెట్టు దాదాపు లేకుండా పోయింది.

ఇంత చెప్పి, రెండో వైపు కూడా చెప్పకపోతే మోసం చేసినవాణ్ణవుతాను. కొత్త బంతి చవక. విరిగినా మళ్ళీ కాచి పోత పోసుకోవచ్చు. అప్పటిదాకా ఈక బంతి కొనలేని స్కాట్లండు మామూలు మనుషులు దానివల్లనే ఆటలోకి వచ్చారు. ఈక బంతులు చేసే వారిలో పేరుమోసినవాడూ, ఆ కాలపు మేటి ఆటగాడూ అయిన ఆలన్ రాబర్ట్‌సన్ కొత్త బంతులను పిల్లలచేత ఏరించి, కొనుక్కుని, కాల్చేసేవాడని చెబుతారు. తన దగ్గర పనిచేసే టామ్ మారిస్ కొత్త బంతితో ఆడాడని అతనితో తగాదా పడి విడిపోయాడు. తరవాత తానే ఆ బంతులు చేయవలసి వచ్చింది. రాబర్ట్‌సన్ కోపాన్ని చూసి నవ్వడం తేలిక. ఈకల ధూళి మింగుతూ నేర్చుకున్న విద్య ఒక ఉదయం కల్లా కాణీకి కొరగాకుండా పోయినవాడి కోపమది. మన మగ్గాల ఊళ్ళలో తాత తండ్రులు పడిన కోపం కూడా అదే.

ఇంకొక ముచ్చట. నున్నటి కొత్త బంతి గాలిలో సరిగా పోయేది కాదు. వంకర తిరిగి కింద పడేది. దెబ్బలు తిని ఒళ్ళంతా గాట్లు పడిన పాత బంతి చక్కగా పోయేది. ఈ సంగతి ఏ ప్రయోగశాలలోనూ తేలలేదు. బంతులు మోసేవారూ ఆడేవారూ మైదానంలో చూసి తెలుసుకున్నారు. ఆ మీదట సుత్తితో కావాలని గాట్లు పెట్టడం మొదలయింది. 1905లో విలియం టేలర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు బంతి మీద గుంటల పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. గుంటలు బంతికి అంటిన గాలి పొరను చెదరగొట్టి, వెనకాల లాగే పీడనాన్ని తగ్గిస్తాయని తరవాతి శాస్త్రం వివరించింది. పేటెంటు మీద టేలర్ పేరున్నది. గాట్ల బంతిని మొదట వేరుగా దాచుకున్న క్యాడీ కుర్రవాడి పేరు ఎక్కడా లేదు. జ్ఞానం పుట్టేచోటు ఒకటీ, అది ఆస్తిగా నమోదయ్యే చోటు ఇంకొకటీ.

పేటెంటు ఉన్నా లాభం లేనివాడు కూడా ఉన్నాడు. మొదటి దెబ్బకు బంతిని కాస్త ఎత్తుగా నిలపాలి. పూర్వం క్యాడీ తడి ఇసుకను చిటికెతో తీసి చిన్న కుప్ప పెట్టేవాడు. 1899లో అమెరికాలో జార్జ్ గ్రాంట్ అనే నీగ్రోజాతి దంతవైద్యుడు, హార్వర్డులో బోధించినవాడు, దానికి బదులు ఒక చెక్క మేకు కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. దానివల్ల ఆయనకు ఒక డాలరు రాలేదు, స్నేహితులకు పంచిపెట్టాడు. 1920లలో విలియం లోవెల్ అనే మరొక దంతవైద్యుడు "రెడ్డి టీ" పేరుతో అలాంటి మేకును అమ్మి పేరు తెచ్చుకున్నాడు. (పేరు చూసి మా సీమవాళ్ళు పొంగిపోనక్కరలేదు. దానికి పూసిన ఎర్రరంగునుబట్టి వచ్చిన పేరది.) అమెరికా వృత్తి గోల్ఫర్ల సంఘం తెల్లవారికి తప్ప సభ్యత్వం లేదన్న నిబంధనను 1961దాకా తీసెయ్యలేదు. మేకు లోపలికి వచ్చింది, మేకు చేసిన జాతి బయట నిలబడింది.

రబ్బరు దారాన్ని ఉండగా చుట్టిన బంతిని 1898లో ఓహాయోలో హాస్కెల్ తయారుచేశాడు. నాలుగేళ్ళలో జిగురు బంతి పని అయిపోయింది. కర్రల సంగతి కూడా అంతే వేగం. కాడలు అమెరికా హికరీ చెక్కతో చేసేవారు. 1924లో అమెరికా సంఘమూ, 1929లో సెంట్ ఆండ్రూస్ సంఘమూ ఉక్కు కాడలను ఒప్పుకున్నాయి. అంతకుముందు ఒక్కొక్క కర్రకూ మాషీ, నిబ్లిక్, క్లీక్ అని ఒక్కొక్క పేరుండేది. ఉక్కు కాడలతో కార్ఖానాలో ఒకే అచ్చున తయారయేసరికి పేర్లు పోయి నంబర్లు వచ్చాయి. మా పొలాల్లోనూ మడక, గుంటక, గొర్రు అంటూ దేని పేరు దానికుండేది, దేన్ని చేసిన వడ్లాయన ఎవరో ఊరందరికీ తెలుసు. ఇప్పుడు ట్రాక్టరు వెనక తగిలించేదాన్ని పళ్ళ లెక్కతో పిలుస్తున్నారు.

దూరపు దెబ్బల కర్రకు తల చాలాకాలం పర్సిమన్ చెక్కతో చేశారు. ఆ చెట్టు మన నల్లమలలోని తునికి చెట్టుకు చుట్టం. వృక్షశాస్త్రం రెండింటినీ ఒకే ప్రజాతిలో చేర్చింది. అక్కడి చుట్టం దొరల చేతుల్లో బంతిని కొట్టింది, ఇక్కడి చుట్టం ఆకులై బీడీలు చుట్టే ఆడవాళ్ళ చాటల్లోకి వచ్చింది. 1979లో టేలర్‌మేడ్ సంస్థ లోహపు తల కర్రను బజారులో పెట్టింది. 1993లో బెర్న్‌హార్డ్ లాంగర్ చెక్క తల కర్రతో మాస్టర్స్ పోటీ గెలిచాడు. పెద్ద పోటీలలో దానికదే చివరి గెలుపు. ఆ తరవాత టైటానియం వచ్చింది. అది ముందు యుద్ధవిమానాల కోసం ప్రభుత్వధనంతో అభివృద్ధి అయిన లోహవిద్య. తలలు ఉబ్బిపోతుంటే 2004లో 460 ఘన సెంటీమీటర్లకు మించరాదని కట్టడి చేశారు. 2000 సంవత్సరం చివర దారం చుట్టని గట్టి గర్భపు బంతి వచ్చి, పోటీలాడేవారి సంచుల్లోంచి పాతదాన్ని కొద్ది నెలల్లో ఊడ్చేసింది. అమెరికా వృత్తి పోటీలలో దూరపు దెబ్బ సగటు 1980లో సుమారు 257 గజాలు. 2023 నాటికి దాదాపు 300. మనిషి చేతులు ఆ నలభై ఏళ్ళలో అంతగా పొడుగు కాలేదు. వ్యాయామమూ శిక్షణా పెరిగిన మాట నిజమే; అయినా అందులో పెద్ద వాటా పనిముట్టుదేనని ఆటవాళ్ళే ఒప్పుకుంటారు.

మా శిష్యుడి ముప్పై నలభై గజాలు అవే. అవి వాడివేనా? ఈకలు కూరినవాడూ, మలయాలో చెట్టు నరికినవాడూ, గాట్లు చూసిన క్యాడీ, ఇసుక కుప్ప బాధ తప్పించిన గ్రాంటూ, విమానాల కార్ఖానాలో లోహం కాచినవాడూ, వీళ్ళంతా ఆ గజాల్లో ఉన్నారు. వాడు చెల్లించిన డబ్బు వాటిని వాడుకునే హక్కు ఇచ్చింది. కర్తృత్వం ఇవ్వలేదు. ఇక్కడ కొందరు మిత్రులు తొందరపడి, అట్లయితే వాడి నైపుణ్యం శూన్యమని తేల్చేస్తారు. అది తప్పు. ఢిల్లీలో క్యాడీగా బతికి, ఎవరూ నేర్పకుండా నేర్చుకున్న అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. అంతకుముందు ఏ భారతీయ వృత్తి ఆటగాడూ దాన్ని గెలవలేదు. 1829లో తెల్లవాళ్ళు పెట్టిన కలకత్తా క్లబ్బులో గడ్డి చూసుకునే మనిషి కొడుకు చౌరాసియా, అడిగి తెచ్చుకున్న కర్రలతో సాధన చేసి 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. ముంబాయి చెంబూరు బస్తీలో క్యాడీలు ఇనుప చువ్వను వంచి కర్ర చేసుకుని ప్లాస్టిక్ బంతితో సందుల్లో ఆడతారు. నైపుణ్యం మనిషిదే. కాని ఇద్దరి నైపుణ్యమూ సమానమైనప్పుడు, అర లక్ష పైబడి ఖరీదుచేసే కర్ర గల వాడు గెలిస్తే, గెలిచినది నైపుణ్యమని లోకం చెప్పుకుంటుంది. అభ్యంతరం ఆ చెప్పుకోవడం మీద.

అసలు విశేషం 2023 డిసెంబరులో జరిగింది. గోల్ఫు నిబంధనలు చేసే రెండు సంఘాలు, సెంట్ ఆండ్రూస్‌దీ అమెరికాదీ కలిసి, బంతి మరీ దూరం పోకుండా కొత్త పరీక్ష పెడుతున్నామని ప్రకటించాయి. వెంటనే కాదు, తయారుచేసేవారికి ఏళ్ళ గడువిచ్చాయి. కారణం ఏమిటంటే, బంతి దూరం పోయినకొద్దీ మైదానాలు పొడిగించాలి, నేల ఎక్కువ కావాలి, నీళ్ళు ఎక్కువ కావాలి, ఉన్న మైదానాలు పనికిరాకుండా పోతాయి అని. బంతులమ్మే కంపెనీలు గోల పెట్టాయి. ఆ నిర్ణయం మంచిదే. నాకు దానితో ఏ పేచీ లేదు.

పేచీ మరొక చోట ఉంది. మనం ఇన్నాళ్ళుగా వింటున్న సిద్ధాంతమేమిటి? పనిముట్ల అభివృద్ధిని ఎవరూ ఆపలేరు, అది ప్రకృతి నియమం, ఆపమన్నవాడు మూర్ఖుడు అని. ఇంగ్లండులో నేతపనివారు తమ కూడు పోగొడుతున్న యంత్రాలకు హద్దు పెట్టమన్నారు; ఎవరూ వినకపోతే పగలగొట్టారు. 1812లో యంత్రం పగలగొట్టినవాడికి మరణదండన అని పార్లమెంటు శాసనం చేసింది. రెండు వందల పదకొండేళ్ళ తరవాత, పచ్చగడ్డి మైదానాలు పొడిగించడం కష్టమని కలవారి సంఘాలు అదే కోరిక కోరితే అది దూరదృష్టి అయింది. అంటే ప్రకృతి నియమమన్న మాట అబద్ధం. పనిముట్టును ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు, గడువిచ్చి నెమ్మదిగా అమలుచెయ్యవచ్చు. చెయ్యగలరని తేలింది. ఎవరి కోసం చేస్తారన్నదే మిగిలింది.

మనకు ఇది కొత్త కాదు. ద్రోణుడు ఏకలవ్యుడి బొటనవేలు అడగడం కూడా ఒక నిబంధనే. పోటీలో మొదటి స్థానం ఎవరిదో ముందే మాట ఇచ్చేసినవాడు, దానికి అడ్డొచ్చిన పనిముట్టును తీసెయ్యమన్నాడు. ఆ పనిముట్టు కొన్నది కాదు, కర్రా కాదు, మనిషి వేలు. సెంట్ ఆండ్రూస్ క్లబ్బు ఆడవాళ్ళను సభ్యులుగా చేర్చుకున్నది 2014లో. అంతదాకా ఆటనంతా ఏలిన సంప్రదాయం ఆ మగవాళ్ళ క్లబ్బుదే. నిబంధన మంచిదా చెడ్డదా అని చూసేముందు, నిబంధన చేసే గదిలో ఎవరెవరు కూచున్నారో చూడడం మన అలవాటు కావాలి.

గోల్కొండ కోట పక్కన నయాకిలాలో ఇప్పుడు గోల్ఫు మైదానం ఉన్నది. ఒకసారి విద్యార్థులతో వెళ్ళి, అక్కడి బ్రహ్మాండమైన ఏనుగుచెట్టును చూద్దామని బయలుదేరి, ఏ దారిన పోవాలో తెలియక చాలాసేపు తిరిగాం. కుతుబ్‌షాహీల నాటి తోటల నీటి కాలువలూ మట్టి గొట్టాలూ పురావస్తు శాఖ తవ్వకాల్లో అక్కడ బయటపడ్డాయి. వారసత్వాన్ని కాపాడదలచినవారు ఆ మైదానం మీద అభ్యంతరాలు చెబుతూనే వచ్చారు. బంతికి నలభై గజాలు ఎక్కువ కావాలంటే ఆ నలభై గజాలు ఎక్కడో ఒకచోట భూమి మీదనుంచే రావాలి.

మళ్ళీ మా ఊరికి వస్తాను. మాకు కోత మిషన్లు వచ్చి చాలా ఏళ్ళయింది. వరి కోస్తాయి, శనగ కోస్తాయి. ఏ సంఘమూ కూచుని, కూలివాళ్ళకు ఇన్నేళ్ళు గడువిద్దాం, ఈలోగా వాళ్ళకు ఇంకో పని చూపిద్దాం అనుకోలేదు. ఒక పంటకాలం మిషను లేదు, వచ్చే పంటకాలానికి ఉంది, అంతే. మా వీధిలో వయసు మళ్ళిన కూలిమనిషి ఒకామె ఉంది. కోత మిషన్లు వద్దంటావా అని అడిగితే ఆమె అన్నది: "నడుం వంచి కోసే పని పోయిందని నేనేం ఏడ్చను సార్. ఆ పని మిషనే చేయనీ. కూలి గూడా దాంతోపాటే ఎత్తకపోయె, దానికి ఏడుస్తా." మార్క్స్ తన "పెట్టుబడి" మొదటి సంపుటంలో, యంత్రం వేరు, దాన్ని పెట్టుబడి వాడుకునే తీరు వేరు అని తెలుసుకోవడానికి కార్మికులకు కాలమూ అనుభవమూ పట్టాయంటాడు. మా కూలిమనిషికి ఆ గ్రంథం పేరు తెలియదు గాని ఆ తేడా స్పష్టంగా తెలుసు. మగ్గంలో నాడె తనంత తాను నడిచే పక్షంలో యజమానికి బానిసతో పని ఉండదని పూర్వం అరిస్టాటిల్ అన్నాడు. నాడె తనంత తాను నడిచే రోజులు వచ్చాయి. బానిస విడుదల కాలేదు, పనిలోంచి తొలగించబడ్డాడు.

చేతిపనిని పూజించే మిత్రులతో కూడా నేను ఏకీభవించలేను. ఆళ్ళగడ్డలో ఉలీ సుత్తీ ఉన్న కాలం స్వర్గం కాదు. ఒక విగ్రహానికి వారాలూ నెలలూ పట్టేది, బేరం ఎప్పుడూ కొనేవాడి వైపే మొగ్గేది. కరెంటు కట్టరు వచ్చాక పని వేగమయింది. కాని వేగం పెరిగితే గంటలు తగ్గలేదు, విగ్రహాల సంఖ్య పెరిగింది. ఉలి దెబ్బకు రాలే రాయి ముక్కలు ముక్కలుగా కాళ్ళ దగ్గర పడుతుంది. కట్టరు కింద అది పిండి అయి ముఖానికి లేస్తుంది. ఆ పిండి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. ఈకల బంతి చేసినవాడి రొమ్ము రోగం స్కాట్లండులో బంతితోపాటే పోయింది. ఆళ్ళగడ్డలో కొత్త పనిముట్టుతోపాటు ఎక్కువయింది. అందుచేత పనిముట్టు పాతదా కొత్తదా అన్నదాన్నిబట్టి నేను ఏ తీర్పూ చెప్పదలచుకోలేదు.

ఈ ఆలోచనలన్నీ శిష్యుడికి ఫోనులో చెప్పాను. ఆ గజాలు నీ ఒక్కడివి కావు, ఎందరిదో శ్రమ వాటిలో ఉంది అన్నాను. కాసేపు ఊరుకున్నాడు.

"అట్లయితే మా నాయన దగ్గు గూడా అందరిదీ కావాల కద సార్," అన్నాడు. "అది మాత్రం ఆయనొక్కడిదే ఎట్లయింది?"

నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. శ్రమఫలితం సామాజికమనీ, దాన్ని స్వంతం చేసుకోవడం వ్యక్తిగతమనీ ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. శ్రమ తెచ్చే రోగం మాత్రం మొదటినుంచీ వ్యక్తిగతంగానే ఉండిపోతున్నదని నేను ఆ పాఠంలో ఎన్నడూ చెప్పలేదు.

సంక్రాంతికి వాడు ఆళ్ళగడ్డ వెళ్ళి, తండ్రి పనిచేసే చోట రాయి మీద సన్నగా నీళ్ళు పడేట్టు ఒక గొట్టం బిగించి వచ్చాడు. రాయి తడిగా ఉంటే పిండి లేవదు. పెద్ద ఖర్చేమీ కాదు. వాడి కొత్త కర్ర ఖరీదులో చిన్న భాగం. మొదటివారం గడవకముందే తండ్రి ఆ గొట్టం తీసి పక్కన పెట్టాడట. తడి రాయి మీద గీసిన గీత కనపడదు, చెయ్యి నెమ్మదిస్తుంది, కరెంటుతో భయం కూడాను. నెలకు ఇన్ని విగ్రహాలని ముందే బయానా తీసుకుని ఉన్నాడు.